సూడిదల లడ్డూల రంగు, కడుపులోని బిడ్డ

ప్రశ్న: నాకు ఇప్పుడు ఏడో నెల. మా పుట్టింటివారు ఆమదాలవలస నుంచి సూడిదలు తెచ్చారు. వాటిలో ముదురు నారింజ రంగు బూందీ లడ్డూలు, గులాబీ రంగు మిఠాయి ఉన్నాయి. నాలుగైదు తిన్న తరువాత మా ఆడపడుచు ఫోనులో ఒక వీడియో చూపించి, గర్భిణి రంగు తిండి తింటే పుట్టే బిడ్డకు మెదడు సరిగా ఎదగదనీ, కుదురు ఉండదనీ చెప్పింది. అప్పటి నుంచి కంటికి కునుకు లేదు. ఇది నిజమేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీరు తిన్న నాలుగైదు లడ్డూల వల్ల బిడ్డ మెదడు దెబ్బతింటుందని చెప్పడానికి ఆధారమేమీ లేదు కనుక ముందు నిశ్చింతగా నిద్రపోండి. అయితే మీ ఆడపడుచు మాటను పూర్తిగా కొట్టిపారేయలేము.

కుదురు లేకపోవడం గురించిన మాటకు మూలం 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో జరిగిన పరిశోధన. అక్కడ మూడేళ్ల పిల్లలకూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకూ కొన్ని రోజులు కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ అనే నిల్వ రసాయనం కలిపిన పానీయాన్ని, మరికొన్ని రోజులు చూడటానికి అలాగే ఉండే మామూలు పానీయాన్ని ఇచ్చి చూస్తే, రంగు తాగిన రోజుల్లో కొందరిలో చంచలత్వం కొంత పెరిగింది. దాని పర్యవసానంగానే 2010 నుంచి ఐరోపాలో టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో వంటి ఆరు రంగులు వాడిన పొట్లాలపై హెచ్చరిక ముద్రిస్తున్నారు. కానీ ఆ రంగులు తాగినది పిల్లలే గాని, వారిని కడుపున మోస్తున్న తల్లులు కారు. గర్భంలోని బిడ్డ సంగతి చాలావరకు ఎలుకల నుంచే తెలిసింది. తుర్కియే శాస్త్రవేత్తలు తల్లి ఎలుకలకు గర్భానికి ముందూ, గర్భంతో ఉన్నప్పుడూ రంగుల మిశ్రమం ఇచ్చి చూశారు. 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పుట్టిన ఎలుక పిల్లల జ్ఞాపకశక్తి తగ్గలేదు గాని వాటి కదలికలు కొంత పెరిగాయి. దీన్ని పట్టుకుని మెదడు ఎదగదని వీడియో తీయడం అతి అని నా అభిప్రాయం.

మన దేశంలో చట్టం అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. మిఠాయిలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. సన్‌సెట్ ఎల్లో విషయంలో ఐరోపా నిపుణులు రోజుకు శరీర బరువు కిలోకు 4 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదన్నారు కనుక, 55 కిలోల మనిషి ఆ హద్దు దాటాలంటే కొలత ప్రకారం రంగు వేసిన లడ్డూలు ఒక్క రోజులో రెండు కిలోలకు పైగా తినాలి.

చిక్కంతా ఆ "కొలత ప్రకారం" అన్న మాటలోనే ఉన్నది. సిరిమాను పండుగ రోజుల్లో విజయనగరంలో ఒక బూందీ పొయ్యి దగ్గర నేను కాసేపు నిలబడి చూశాను. వంటవాడు పేరు లేని చిన్న పొట్లాన్ని పంటితో చింపి, గరిటె కాడతో పొడి తీసి పిండిలో వేసి, రంగు చాలలేదని మరికాస్త వేశాడు. త్రాసు లేదు, చెంచా కూడా లేదు. ఆ పొట్లంలో ఉన్నది ఏ రంగో అతనికీ తెలియదు. మన మిఠాయిల్లోనూ, కందిపప్పులోనూ దొంగచాటుగా కలిసే మెటానిల్ ఎల్లో అసలు తినే రంగే కాదు. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు దానిని ఎదిగే ఎలుకలకు పెట్టి చూస్తే, మెదడులోని రసాయనాల పాళ్లు మారాయనీ, ఆ ఎలుకలు కొత్త పని నేర్చుకోవడంలో వెనుకబడ్డాయనీ 1993లోనే ప్రకటించారు. బట్టలకు వేసే రోడమిన్ బి పీచుమిఠాయిలో దొరికినందువల్ల 2024లో తమిళనాడు, కర్ణాటక చర్యలు తీసుకున్నాయి. కాబట్టి కాన్పు అయ్యేదాకా చేతికి, కాగితానికి రంగు అంటే విడి మిఠాయిలు మానండి. సీల్ వేసిన పొట్లమైతే, వెనుక 102, 110, 122, 124 వంటి అంకెలున్నాయేమో చూడండి. అవి కృత్రిమ రంగుల గుర్తులు. చలిమిడి, నువ్వుండలు, సున్నుండలకు ఏ రంగూ అక్కరలేదు గదా.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మిఠాయి ఎప్పుడో తింటాము, పసుపు రోజూ తింటాము. మెరుపు కోసం కొందరు పసుపు కొమ్ములకు పూసే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది. అది తల్లి రక్తం నుంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తెలివితేటలను తగ్గిస్తుంది. ఇక్కడ ఎలుకలతో పని లేదు, మనుషుల్లోనే రుజువైన సంగతి. రుద్దగానే చేతికి పచ్చగా పొడి రాలే కొమ్ములను వదిలేసి, సీతంపేట వైపు సంతల్లో దొరికే మెరుగుపెట్టని గరుకు కొమ్ములు కొని, ఎదుట నిలబడి ఆడించుకోండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు క్షణం కుదురుగా ఉండడు. నేను కడుపుతో ఉన్నప్పుడు రంగు జిలేబీలు బాగా తిన్నందువల్లనే ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు.
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అలా నిర్ధారించే పరీక్ష ఏదీ లేదు; ఆ నింద మీరు మోయనక్కరలేదు. చంచలత్వానికి వంశపారంపర్యం పెద్ద కారణం. ఇప్పుడు బాబు తాగుతున్న రంగు పానీయాలు, తింటున్న రంగు బిళ్లలు మూడు నాలుగు వారాలు ఆపి, తేడా కనిపించిందేమో ఒక కాగితం మీద రాసుకోండి. నిద్ర చాలకపోయినా, మాట ఆలస్యమైనా ఆ కాగితంతో సహా పిల్లల వైద్యుడిని కలవండి.