ఆర్క్నీ వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు వెళ్తున్నానని నువ్వు పంపిన ప్లాన్ చూశాను. స్కారా బ్రే, హోయ్ దీవి, కిర్క్‌వాల్, స్ట్రామ్నెస్ అన్నీ ఒక్క రోజులోనే రాశావు. వద్దమ్మా. నేను మొదటిసారి అలాగే పరుగులు పెట్టాను. ఇంటికొచ్చి ఫోటోలు చూస్తే ఏది ఏ ఊరో గుర్తు రాక ఏడుపొచ్చింది. రెండు ఊళ్లు, ఒక చిన్న చర్చి చాలు.

ముందురోజే స్కాట్లాండ్ ఉత్తర తీరంలోని స్క్రాబ్‌స్టర్ రేవులో స్ట్రామ్నెస్ ఫెర్రీ ఎక్కు. గంటన్నర ప్రయాణం. లోపల కూర్చుని ఫోన్ చూస్తే కడుపులో తిప్పుతుంది. డెక్ మీద కుడివైపు నిలబడు, 137 మీటర్ల ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్ రాతిస్తంభం సముద్రంలోంచి నిటారుగా లేచి కనిపిస్తుంది. గొడుగు పెట్టుకోకు. అక్కడ చెట్లే అరుదు, గాలిని ఆపేదేమీ లేదు. తలకు టోపీ ఉన్న రెయిన్‌కోటు కావాలి.

రాత్రికి స్ట్రామ్నెస్‌లో ఉండి, పొద్దున కిర్క్‌వాల్ బస్సెక్కు. 1137లో మొదలుపెట్టిన సెయింట్ మాగ్నస్ కెథడ్రల్ ఎర్రరాయి, పసుపురాయి కలిపి కట్టింది. లోపల రాయల్ ఓక్ అనే బ్రిటిష్ యుద్ధనౌక గంట ఉంది, దాని దగ్గర కాసేపు ఆగు. 1939 అక్టోబర్ 14న జర్మన్ జలాంతర్గామి ఆ నౌకను ముంచేసింది. ఎనిమిది వందల మందికి పైగా పోయారు. జలాంతర్గాములు అలా దూరే సముద్రపు దారులు మూసేయడానికే దీవుల మధ్య ‘చర్చిల్ కట్టలు’ అనే అడ్డుకట్టలు కట్టించారు. ఆ పనికి తెచ్చిన ఇటలీ యుద్ధఖైదీలు లాంబ్ హోమ్ దీవిలో రెండు రేకుల షెడ్లు కలిపి చర్చి చేసుకున్నారు. గోడల్ని తడిమి చూడాలనిపిస్తుంది, కానీ ఆ ఇటుకలు, చెక్కడాలు అన్నీ రంగులతో వేసిన బొమ్మలే. దీపాలు పెట్టే గిన్నెలు మాంసం డబ్బాల రేకుతో చేసినవి. ఇంటికి అంత దూరంలో, చెరలో ఉండి, అంత ఓపిక ఎక్కడిదో వాళ్లకి!

ఒక్క జాగ్రత్త. ఆ చర్చికి వెళ్లే రోడ్డు కట్టల మీదే. గాలి పెరిగితే అలలు వాటి మీదుగా దూకుతాయి, దారి మూసేస్తారు. బస్సెక్కేముందే డ్రైవర్ని అడుగు. కిర్క్‌వాల్‌కి క్రూజ్ షిప్పు వచ్చే రోజైతే ఊరు కిటకిటలాడుతుంది, తేదీ ముందే చూసుకో.

మధ్యాహ్నం నుంచి మాత్రం స్ట్రామ్నెస్‌కే ఇచ్చెయ్యి. ఊరంతా ఒకే పొడవాటి రాతిపలకల వీధి. ఇళ్లు సముద్రానికి పక్కగోడ పెట్టి నిలబడ్డాయి, గాలి దెబ్బ తగ్గడానికి. పక్కన పైకెక్కే సందుల్లో ఒకదాని పేరు ఖైబర్ పాస్! వీధి చివర లాగిన్స్ వెల్ అనే బావి ఉంది. 1931లో మూసేశారు. కెనడాలో బొచ్చుతోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్ బే కంపెనీ ఓడలు రెండు శతాబ్దాలకు పైగా అక్కడే నీళ్లు నింపుకున్నాయి. 1780లో నావికుడు కెప్టెన్ కుక్ ఓడలు వచ్చాయి, అప్పటికే ఆయన హవాయిలో చనిపోయాడు. 1845లో ఆర్కిటిక్ సముద్రమార్గం వెతకడానికి బయల్దేరిన ఫ్రాంక్లిన్ ఓడలు అక్కడ నీళ్లు పట్టుకుని ఉత్తరానికి వెళ్లాయి. ఆర్కిటిక్‌లోకి వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ బావి దగ్గర నేను చాలాసేపు కదల్లేకపోయాను.

పులిహోర కట్టుకెళ్తే మంచిది. అక్కడి బేర్ బార్లీ రొట్టె మాత్రం తప్పక తిను, వెన్నతో. ఎవరైనా ‘పీడీ’ అంటే చిన్నది అని అర్థం.

రాత్రి పదిన్నర దాకా వెలుతురుంటుంది. మోసపోయి మేలుకోకు, తిరుగు ఫెర్రీ తెల్లవారుజామునే. కర్టెన్లు గట్టిగా మూసి పడుకో.

మీ పెద్దమ్మ