షిర్డీ ట్రిప్‌లో నాసిక్ చిన్న వైనరీలు చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

"ఫిబ్రవరిలో షిర్డీ వెళ్లి, అక్కడి నుంచి నాసిక్‌లో రెండు రోజులు ఉంటాం. జనం ఎగబడే చోటికి కాకుండా చిన్న వైనరీలకి వెళ్లాలని మా ఆవిడకీ నాకూ కోరిక. వైన్ గురించి మాకు ఓనమాలు కూడా తెలియవు. ఇబ్బంది పడతామా?" అని అడిగారు కదా.

ఏమీ ఇబ్బంది ఉండదండీ. పైగా మీరు సరైన నెలే ఎంచుకున్నారు. నేను రెండుసార్లు వెళ్లాను, ఒకసారి వానల్లో, ఒకసారి ఫిబ్రవరిలో. వానాకాలంలో కొండలన్నీ పచ్చగా కళ్లకి పండగే కానీ తీగ మీద ఒక్క గుత్తి ఉండదు. ట్యాంకులు చూసి, నాలుగు గుక్కలు తాగి వచ్చేశాం. చలి దేశాల్లో ద్రాక్ష తీగ చలికాలమంతా నిద్రపోతుందట. నాసిక్‌లో అంత చలి లేదు కాబట్టి రైతులే ఏడాదికి రెండుసార్లు, అంటే ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరు-అక్టోబరుల్లో మరోసారి కొమ్మలు కత్తిరిస్తారు. ఈ రెండో కత్తిరింపు తర్వాత వచ్చే కాపే వైన్‌కి వెళ్తుంది. కోత జనవరి నుంచి మార్చి దాకా నడుస్తుంది. ఎండెక్కితే కాయ వేడెక్కిపోతుందని చీకటితోనే కోసేస్తారు. అందుకే మీరు మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే పదింటికల్లా చేరుకోండి. కోసిన పెట్టెలు కళ్ల ముందే మిషన్‌లో పడుతుంటే చూడొచ్చు.

ఫిబ్రవరిలో నాకు బాగా గుర్తుండిపోయింది తోటలో నడక. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి తోటలు చూసిన కళ్లకి అది ద్రాక్ష తోటలాగే అనిపించలేదు. పందిరి ఉండదు. కంచె కట్టినట్టు తీగలు వరుసలుగా నిలబడి ఉంటాయి, కాయ మన మోకాలికి కాస్త పైన వేలాడుతుంది. తోట చూపించే అబ్బాయి షిరాజ్ అనే ద్రాక్ష రకం గుత్తిలోంచి ఒక కాయ తెంపి నా చేతిలో పెట్టాడు. బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది, నల్లటి కాయ. కొరికితే చెరకు రసమంత తీపి. "ఇప్పుడు తోలు, గింజ కూడా నమలండి" అన్నాడు. నమిలితే బుగ్గల లోపల పట్టేసింది, నేరేడు పండు తిన్నాక నాలుక మొద్దుబారినట్టు. అప్పుడు చెప్పాడు: రెడ్ వైన్‌కి రసాన్ని తోలుతో సహా పులియబెడతారు, రంగూ ఆ పట్టూ తోలు నుంచే వస్తాయి. వైట్ వైన్‌కి ముందే పిండి, తోలు తీసేసి రసం మాత్రమే పులియబెడతారు. అరగంట తర్వాత షిరాజ్ గ్లాసు చేతికి వస్తే అదే పట్టు మళ్లీ తగిలింది. దాన్ని వాళ్లు టానిన్ అంటారు. మనకి దానికి ఎప్పటి నుంచో మాట ఉంది కదండీ, వగరు.

మీకు నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. వైన్ మాటలు రావని టెన్షన్ పడకండి. ఉగాది పచ్చడి తిని పెరిగిన నాలుకకి పులుపు, తీపి, చేదు, వగరు విడివిడిగా తెలుస్తాయి. తెలిసింది తెలిసినట్టు పైకి చెప్పండి, చాలు. సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ వాసన చూసి నేను మొహమాటపడుతూనే "పచ్చి క్యాప్సికం, దోర జామకాయ" అన్నాను. వైన్ పోస్తున్న ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ ద్రాక్షకి ఉండాల్సిన వాసనే అది అని చెప్పి, అప్పటి నుంచి మాతో తీరిగ్గా మాట్లాడింది. చిన్న చోట్ల ఉన్న గొప్పతనం ఇదే, అడిగితే చెప్పే తీరిక వాళ్లకి ఉంటుంది.

ఇంకో పని తప్పకుండా చేయండి. ఒకే ద్రాక్ష రకం వైన్‌ని రెండు వైనరీల్లో అడగండి. నేను షెనిన్ బ్లాంక్ అడిగాను, నాసిక్‌లో ఎక్కడికి వెళ్లినా దొరుకుతుంది. ఒక చోట కాస్త తీపి మిగిల్చారు, రెండో చోట తీపంతా పులిసిపోయేదాకా ఉంచారు. ద్రాక్ష రకం అదే, చేసిన చెయ్యి వేరు. పది రకాలు గబగబా తాగితే తెలియని తేడా ఆ రెండు గ్లాసులతో తెలిసింది.

ఎక్కడెక్కడికి అంటే, గంగాపూర్ డ్యామ్ వైపు ఒక రోజు పెట్టుకోండి. యార్క్, సోమా అటే ఉన్నాయి. యార్క్‌ని 2021లో సూలా అనే పెద్ద వైన్ కంపెనీ కొనేసింది, అయినా హడావుడి తక్కువే. అక్కడ కూర్చుంటే ఎదురుగా డ్యామ్ నీళ్లు కనిపిస్తాయి. అది గోదావరే. నేను రాజమండ్రి పిల్లని, అవతలి ఒడ్డు ఆనని గోదారిని చూస్తూ పెరిగాను. త్ర్యంబకంలో పుట్టిన నది ఇంకా పసిపిల్లలా అక్కడ కనిపిస్తే గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. రెండో రోజు ముంబై దారిలో ఇగత్‌పురి వైపు వెళ్లండి. సంజేగావ్ దగ్గర ‘వలోనే’ (Vallonné) అనే వైనరీ ఉంది, చిన్నది, ముకణే డ్యామ్ కనిపిస్తూ ఉంటుంది. గ్రోవర్ జంపా కూడా ఆ ఊళ్లోనే. రోజుకి రెండు చాలండీ, మూడోది వద్దు.

మూడోది వద్దని ఊరికే అనడం లేదు. మొదటిసారి ఒక ఆదివారం సాయంత్రం, బుక్ చేసుకోకుండా ఇంకో చోటికి వెళ్లాం. నిలబెట్టి పది నిమిషాల్లో ఆరు గ్లాసులు పోసేశారు. రెడ్ వైన్ గోరువెచ్చగా ఉంది, సీసా ఎప్పుడు తెరిచారో గానీ వెనిగర్ వాసన. అడిగితే "ఇది ఇలాగే ఉంటుంది" అన్నారు. అప్పట్లో తెలియక డబ్బు కట్టి వచ్చేశాను. మీకు అలా అనిపిస్తే కొత్త సీసా తెరిచి పోయమని అడగండి, అందులో తప్పేమీ లేదు. వీలైతే వారం మధ్యలో, ముందు రోజు ఫోన్ చేసి మరీ వెళ్లండి. తోట చూపిస్తారా లేదా అన్నది కూడా ఆ ఫోన్‌లోనే కనుక్కోండి.

మా వారు చుక్క ముట్టరు కాబట్టి డ్రైవింగ్ ఆయన చూసుకున్నారు. మీరిద్దరూ రుచి చూస్తారు కాబట్టి రోజంతటికీ కారు, డ్రైవర్ మాట్లాడుకోండి. గ్లాసులో పోసేది కొంచెమే అనిపిస్తుంది, కానీ అయిదారు కలిస్తే నిండు గ్లాసు అవుతుంది, ఎండ దానికి తోడు. నోట్లో తిప్పి ఉమ్మేయడానికి గిన్నె పెడతారు. వాడండి, ఎవరూ ఏమీ అనుకోరు. పొద్దున్న నాసిక్ మిసళ్ (పావ్‌తో తినే మొలకల కూర) తినాలని మీకూ ఉంటుంది, కానీ ఆ కారం నాలుక మీద ఉంటే ఏ వైనూ తెలియదు. త్ర్యంబకేశ్వర్ దర్శనానికి ఇంకో రోజు ఉంటే దాన్ని ఆ రోజుకి పెట్టుకోండి. దర్శనం, వైన్ ఒకే రోజు మాత్రం కలపకండి, క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. మహారాష్ట్రలో వైన్‌కి 21 ఏళ్లు నిండాలి. డ్రై డేలు, అంటే మద్యం అమ్మని రోజులు కూడా ముందే చూసుకోండి.

సీసాలు కొని ఇంటికి తెచ్చుకుందామని మాత్రం అనుకోకండి. పక్క రాష్ట్రం మద్యం తెస్తే మన ఎక్సైజ్ వాళ్లతో తలనొప్పి. అంతగా నచ్చితే ఒకటి కొని సాయంత్రం హోటల్‌లో తాగేయండి. దాన్ని కారు డిక్కీలో మాత్రం పెట్టకండి, ఫిబ్రవరి ఎండకే డిక్కీ కాలిపోతుంది. కాళ్ల దగ్గర, ఏసీ తగిలేలా పెట్టుకోండి.