బంగారం మాట వెనక్కి తీసుకోండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. గోపాలపట్నంలో అద్దెకుంటున్నాం. నాకు 32 ఏళ్లు, ఆటోనగర్‌లో ఫిట్టర్‌ని, జీతం 22 వేలు. నాలుగేళ్ల పాప ఉంది. ఎస్.కోట వైపు అరెకరం కొనుక్కుని, మా తిండి మేమే పండించుకుంటూ, ఒక ఆవు, నాలుగు కోళ్లతో బతకాలని కోరిక. భూమీ లేదు, డబ్బూ లేదు. నా భార్య బంగారం అమ్మి అడ్వాన్స్ కడదామన్నాను. అప్పటినుంచి ముభావంగా ఉంటోంది. పల్లెలోనే పెరిగింది, అయినా ఒప్పుకోవడం లేదు. ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ ఉత్తరంలో 'అయినా' అన్నచోట 'అందుకే' అని పెట్టి ఒకసారి చదవండి. చీకటితోనే లేచి పాలు పితకడం, ఆవు ఈనే రాత్రి నిద్రలేకుండా కాపలా ఉండటం, పశువుల్ని చూసేవాళ్లు లేక దగ్గరివాళ్ల పెళ్లికి కూడా వెళ్లలేకపోవడం ఆమె ఎరిగినవే. మీరు చూసింది వీడియోల్లో. వాటిలో పేడ వాసన రాదు కదా.

ముందు బంగారం సంగతి. 'తొందరపడ్డాను, ఆ మాట ఇక ఎత్తను' అని ఈ రోజే చెప్పండి. 'కానీ' అని ఇంకో మాట తగిలించకండి. పాప ఉన్న ఇంట్లో ఆ బంగారం ఆమెకు నగ కాదు, ధైర్యం. అప్పు చేసి కొనే ఆలోచన కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

కోరిక వదులుకోమని మాత్రం అనను. ఆమెను ఒప్పించే పని మానేసి, మీ చేతులకు పని నేర్పండి. మేడ మీద కుండీలంటే చెమ్మ దిగుతుందని ఇంటి ఓనరు భయపడతారు. ఇటుకల మీద పెడతానని చెప్పి అడగండి. నాలుగు పాత సిమెంటు సంచుల్లో తోటకూర వేస్తే నెల లోపే కోతకొస్తుంది. వంటింటి చెత్తకు ఎండుటాకులు కలిపి, చిల్లులు పెట్టిన బక్కెట్లో ఎరువు చేయండి, రెండు మూడు నెలలు పడుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండుటాకు వేయాలి.

అసలు బడి మీ అత్తారిల్లు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లండి, చుట్టంలా కాకుండా పనివాడిలా. అల్లుడు పార పట్టుకుంటే అత్తగారు కంగారుపడి కాఫీ గ్లాసు చేతిలో పెడతారు. తాగేసి మళ్లీ పార పట్టుకోండి. పొదుగు కడగడం, నాలుగు వేళ్లతో పాలు తీయడం మీ బావమరిది వెనక ఉండి నేర్చుకోవాలి. ఏ పెట్ట గుడ్లు పొదగడానికి కూర్చుంటుందో కనిపెట్టి, కింద గుడ్లు పెట్టి 21 రోజులు చూడండి. పిల్లల్ని గద్ద తన్నుకుపోకుండా కాయడం ఎంత పనో అప్పుడు తెలుస్తుంది. కొక్కెర తెగులుకు టీకా వేయించకపోతే వారంలో గూడు ఖాళీ అయిపోవచ్చు. ఇలాంటివి తెలియకుండా భూమి కొన్నవాళ్లు రెండో ఏడే అమ్మకానికి పెట్టడం చూశాను.

రాంబిల్లి మండలం హరిపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. సాగు, పశుపోషణ గురించి అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

ఇంకొకటి, మీ ఫిట్టర్ పనిని మీరు లెక్కలోకే తీసుకోలేదు. మోటారు విప్పి బిగించగలిగేవాడు, వెల్డింగ్ వచ్చినవాడు ఊళ్లో ఖాళీగా కూర్చోడు. బోరు పంపుల రిపేరు కూడా పట్టుబడితే పంట పోయిన ఏడు ఇంట్లో పొయ్యి వెలిగేది దాంతోనే.

భూమికి తొందరలేదు. రెండేళ్లు ఇలా గడిచాక, ఇద్దరికీ ఇష్టమైతే, పాతిక సెంట్లు కౌలుకు తీసుకోండి. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందంతో కౌలు రైతు కార్డు ఇస్తారు. కాగితం రాయడానికి యజమానులు జంకుతారు. అందుకే తెలిసినవాళ్ల భూమి మేలు, మీ మామగారి ఊరైతే ఇంకా మేలు.

మీ ఉత్తరంలో నన్ను చాలా అడిగారు. ఆమెను ఏమీ అడిగినట్టు లేదు. సంచుల్లో మట్టి నింపే ముందు, ఇక్కడి ఎండకు ఏ కూర తట్టుకుంటుందో, విత్తనం ఎంత లోతున వేయాలో ఆమెనే అడగండి. ఒప్పించడానికి కాదు. మీకు నిజంగానే తెలియదు కాబట్టి.