జిరాక్స్ షాపు మీద 108 శాతం ఆర్ఓఐ నిజమేనా?

తిరుపతిలో 2 లక్షలు పెట్టి, నడుస్తున్న జిరాక్స్ షాపు తీసుకుంటే ఖర్చులు పోను నెలకు 18 వేలు మిగులుతుందంటున్నారు, ఆర్ఓఐ (పెట్టిన డబ్బు మీద వచ్చే రాబడి శాతం) ఎలా లెక్కేయాలి అని అడిగారు. చిత్తూరులో నాకూ ఇలాంటి షాపే ఉంది కాబట్టి చెబుతున్నా.

సూత్రం చిన్నదే. మిగిలిన లాభాన్ని పెట్టిన డబ్బుతో భాగించి 100తో గుణించాలి. నెలకు 18 వేలంటే ఏడాదికి 2.16 లక్షలు. 2 లక్షల మీద 108 శాతం! వినడానికి బాగానే ఉంది.

కానీ పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దాకా అక్కడ కూర్చునేది మీరే కదా. అదే పని ఇంకొకరి షాపులో చేస్తే 15 వేల జీతం వస్తుందనుకోండి. అది మీ కష్టానికి వచ్చేది, డబ్బుకు కాదు. అది తీసేస్తే డబ్బు సంపాదించింది నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు, అంటే 18 శాతం. మిషన్ విలువ ఏటా ఓ 20 వేలు తగ్గుతుందనుకుంటే మిగిలేది 16 వేలు. 8 శాతం. అందుకే నా షాపును నేను ఉద్యోగమనే అనుకుంటాను, పెట్టుబడి అనుకోను.

ఇంకోటి, ఆ 18 వేలు ఏ నెల లెక్కో అడగండి. యూనివర్సిటీ దగ్గర షాపైతే అడ్మిషన్ల సీజన్ చూపించి బేరం పెడతారు. మిషన్‌లో కౌంటర్ ఉంటుంది, ఇప్పటిదాకా ఎన్ని కాపీలు తీసిందో చెబుతుంది. ఈరోజు ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూడండి. షాపు అడ్వాన్సు కూడా పెట్టుబడిలో కలపాలి.

ఎన్నేళ్లకు వచ్చిన లాభమో కూడా చూడాలి. మా చిన్నాన్న రేణిగుంట వైపు 2015లో 10 లక్షలకు ప్లాటు కొని 2023లో 18 లక్షలకు అమ్మి, 80 శాతం లాభమని ఇప్పటికీ చెబుతుంటాడు. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్, కమీషన్ అన్నీ కలిపి లక్ష, అమ్మినప్పుడు బ్రోకరుకు 36 వేలు. అంటే 11 లక్షలు పెడితే 17.64 లక్షలు వచ్చింది, 60 శాతం. దాన్ని 8 ఏళ్లకు చక్రవడ్డీగా లెక్కేస్తే ఏటా 6 శాతం చిల్లర, అదీ పన్ను కట్టకముందు. ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా దాదాపు అంతే ఇచ్చేది. ఆయన ముందు మాత్రం ఈ మాట అననులెండి.

ఇంతకీ ఆ 2 లక్షలు మీ సొంతమేనా? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 శాతం, నెలకు 4 వేలు వడ్డీకే పోతుంది. మీ చేతికి 14 వేలు మిగులుతుంది, అప్పు అసలు అలాగే ఉంటుంది.