కొల్లేరు అంటేనే ఏరు కదా, మళ్లీ సరస్సు ఎందుకు?

సందేహం: పదో తరగతి పిల్లలకు సమాసాలు చెబుతున్నాను. 'కొల్లేరు సరస్సు'కు విగ్రహవాక్యం రాయమంటే ఒక పిల్లవాడు లేచి, "కొల్లేరులోనే ఏరు ఉంది కదా మేడమ్, ఏరు పారుతుంది, సరస్సు నిలిచి ఉంటుంది, రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాడు. వెంటనే ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇంకో సంగతి: కొందరు కొల్లేరు సరస్సు అంటారు, కొందరు కొల్లేటి సరస్సు అంటారు. ఏది ఒప్పు? పుస్తకాల్లో 'మంచినీటి సరస్సు' అని ఉంటుంది. మా వైపు ఆ నీళ్లు ఎవరూ తాగరు. ఆ మాట సరైనదేనా?
– ఏలూరు దగ్గరి ఒక తెలుగు ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, ముందు ఆ పిల్లవాడికి నా అభినందనలు చెప్పండి. పేరును విడదీసి చూడాలని తోచడం మామూలు విషయం కాదు. పైగా అతను విడదీసింది సరిగ్గానే విడదీశాడు. కొల్లేరులో ఉన్నది ఏరే. దానికి సాక్ష్యం మీ ప్రశ్నలోనే ఉంది. 'కొల్లేటి' అన్నారు చూడండి, అదే.

ఏలూరు, కొల్లేరు పక్కపక్కనే ఉన్నాయి. రెండు పేర్లూ 'రు'తోనే ముగుస్తాయి. కానీ ఏలూరికి వెళ్తాం, కొల్లేటికి వెళ్తాం. ఏలూటికి అని ఎవరూ అనరు, కొల్లేరికి అనీ అనరు. తెలుగులో కొన్ని నామాలకు విభక్తి చేరే ముందు చివర మారుతుంది. ఆ చేరే ఇ, టి, తి వర్ణాలను బాలవ్యాకరణం ఔపవిభక్తికాలు అంది. ఊరు ఊరి అవుతుంది. నీరు నీటి, నోరు నోటి, గోరు గోటి, ఏరు ఏటి అవుతాయి. సమాసంలో చివరి మాట తన అలవాటు మానుకోదు. నీరు నీటి అయింది కనుక కన్నీరు కన్నీటి అయింది. ఊరు ఊరి అయింది కనుక నెల్లూరు నెల్లూరి అయింది. కొల్లేరు కొల్లేటి అయిందంటే దాని చివర ఉన్నది ఏరు అన్నమాట. వ్యాకరణం చదవని నోళ్లు వందల ఏళ్లుగా ఈ సంగతిని మరచిపోకుండా కాపాడుతూ వచ్చాయి.

ఏరు పాతకాలపు రాతలో శకట రేఫతో 'ఏఱు'. తమిళంలో నదికి 'ఆఱు' అంటారు, రెండూ ఒకే ఇంటి మాటలు. ఏరువాకలోని ఏరు మాత్రం వేరే మాట, అది నాగలికి సంబంధించింది. పిల్లలు ఈ రెంటినీ కలిపేస్తుంటారు, ఆ తేడా కూడా ఒకసారి చెప్పండి.

ఇక మొదటి భాగం 'కొల్ల్' ఏమిటి? చేపలు కొల్లలుగా దొరుకుతాయి కనుక కొల్ల + ఏరు అని మీ జిల్లాలో చాలామంది చెబుతారు. సంధి చక్కగా కుదురుతుంది, వినడానికి బాగుంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. కారణం శాసనాలు. ఈ నీళ్ల ఒడ్డున ఉన్న పాత పట్టణానికి శాసనాల్లో పేరు కొలను, కొలనువీడు. సంస్కృతంలో చెప్పాల్సి వస్తే సరసీపురి అన్నారు. సరసి అంటే కొలనే. 12వ శతాబ్దంలో విక్రమచోళుని తమిళ శాసనాలు 'కుళం' పాలకుడైన తెలుంగ భీముణ్ని ఓడించినట్టు చెబుతాయి. తమిళ కుళం, కన్నడ కొళ, తెలుగు కొలను ఒకే ధాతువు నుంచి వచ్చినవి. కాకతి గణపతిదేవుని కాలంలో ఈ కొలనును జయించిన ఇందులూరి సోమమంత్రి 'కొలని సోమమంత్రి' అనిపించుకున్నాడు. కొలను కొలని కావడం కూడా ఔపవిభక్తికమే, అక్కడ చేరింది ఇకారం. ఇంతమంది ఇన్ని భాషల్లో కొలను అంటుంటే, మనం చేపల కొల్ల కోసం వెతుక్కోవడం దేనికి?

కొలను + ఏరు కొలనేరు. నడిమి అచ్చు జారితే కొల్నేరు. మరదలు మాటల్లో మర్దలు అవుతుంది కదా, అలాగే. తర్వాత నకారం పక్కనున్న లకారంలో కలిసిపోయింది. పండ్లు పళ్లు అయినప్పుడూ జరిగింది ఇలాంటిదే. అలా కొల్లేరు. ఇది నా నిర్ణయం.

ఇంకా వెనక్కి వెళ్తే, రెండో పులకేశి దండయాత్రలను పొగుడుతూ రవికీర్తి రాసిన ఐహోళె శాసనంలో (క్రీ.శ. 634) పిష్టపురం, అంటే పిఠాపురం, గెలిచిన వెంటనే 'కునాల' జలం నెత్తురుతో ఎర్రబడిందన్న వర్ణన వస్తుంది. ఆ కునాల కొల్లేరేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. క-ల-న కాస్తా క-న-ల అయింది. అక్షరాలు ఇలా తారుమారు కావడాన్ని వర్ణవ్యత్యయం అంటాం. వారణాసి బనారస్ అయింది అలాగే.

సరే, కొలను ఉంది, ఏరు ఉంది. పిల్లవాడి అసలు ప్రశ్న అలాగే మిగిలింది. నిలిచే కొలనూ పారే ఏరూ ఒకే పేరులో ఎలా ఇమిడాయి? దీనికి జవాబు నిఘంటువులో దొరకదు, నేల మీద దొరుకుతుంది.

మ్యాపు తెరిచి చూపించండి. దక్షిణాన కృష్ణా డెల్టా, తూర్పున గోదావరి డెల్టా. రెండు నదులూ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోసి తమ తమ నేలలను మెరకచేశాయి. నడుమ పల్లం మిగిలింది. ఆ పల్లమే కొల్లేరు. ఇప్పుడు ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలో ఉంది. 2022కు ముందు పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాలు దాన్ని పంచుకునేవి. ఎగువ నుంచి దీనిలోకి వచ్చేవాటి పేర్లు గట్టిగా చదివించండి: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. మైలవరం కొండల వైపు నుంచి విజయవాడ మీదుగా వచ్చేది బుడమేరు. చింతలపూడి వైపు నుంచి మీ ఏలూరు పక్కగా వచ్చేది తమ్మిలేరు. ఇన్ని ఏర్లు వచ్చి ఈ పల్లంలో పరుచుకుంటాయి, మళ్లీ ఒక్క ఏరుగా బయటికి పోతాయి. అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏరుగా వచ్చిన నీరు కొలనుగా ఆగి, ఏరుగా సాగిపోతుంది. ఇలాంటి నీటికి కొలనేరు అని పేరు పెట్టినవాళ్లు దాన్ని ఎంత దగ్గరగా చూసి ఉండాలి! ఈ పేరు తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఉప్పుటేరు మీ క్లాసుకు ఇంకో విధంగా కూడా పనికొస్తుంది. ఉప్పు + ఏరు ఉప్పేరు కాలేదు, నడుమ టకారం వచ్చింది. నిలువుటద్దం, చిగురుటాకు చెప్పిన చోటే దీన్నీ చెప్పండి, టుగాగమ సంధి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు దీని గుండా ఎదురు ఎక్కుతుంది. ఎగువన నీళ్లు తక్కువైన వేసవిలో ఆ ఉప్పు మరింత లోపలికి వస్తుంది. పేరులోని ఉప్పు ఊరికే చేరింది కాదు.

ఇప్పుడు ఏది ఒప్పు అన్న మాట. రెండూ ఒప్పే, కానీ రెండూ ఒకే సమాసం కాదు. 'కొల్లేరు సరస్సు' అంటే కొల్లేరు అనే పేరు గల సరస్సు, సంభావనా పూర్వపద కర్మధారయం. గోదావరి నది, హిమాలయ పర్వతం ఎలాగో ఇదీ అలాగే. పరీక్షలో పిల్లలు ఇలాగే రాయాలి. 'కొల్లేటి సరస్సు' అంటే కొల్లేటి యొక్క సరస్సు, షష్ఠీ తత్పురుషం. సరస్సు పేరు చెప్పడానికి మొదటిదే సూటిగా ఉంటుంది. పేరులో ఏరు ఉన్నంత మాత్రాన సరస్సు అని చేర్చడం తప్పు కాదు. బుక్కరాయసముద్రంలో సముద్రం ఉంది, అది చెరువు పేరు. హుస్సేన్ సాగర్‌లో సాగరం ఉంది, అదీ చెరువే. ఒక మాట పేరైపోయాక దాని సొంత అర్థం వెనక్కి తగ్గుతుంది, జాతి ఏదో చెప్పడానికి ఇంకో మాట కావాలి. అయితే పులికాట్‌ను ప్రళయకావేరి అంటాం కదా, అందులోనూ నది పేరుందని ఎవరైనా అడగవచ్చు. దాన్ని ఇందులో కలపకండి. తమిళ పళవేర్కాడు మన నోట్లో పడి ప్రళయకావేరి అయిందంటారు, కావేరి నదికీ దానికీ సంబంధం లేదు.

మిగతా చోట్ల మాత్రం కొల్లేటినే వాడండి. కొల్లేటి చేపలు, కొల్లేటి లంకలు, కొల్లేటి కొంగలు, కొల్లేటికోట. ఈమధ్య కొన్ని బోర్డుల మీద కొల్లేరుకోట అని చూశాను, మనసుకు కష్టంగా అనిపించింది. ఎంత పెద్ద జాబితా కనబడినా 'కొల్లేటి చాంతాడు' అంటాం తప్ప కొల్లేరు చాంతాడు అని ఎవరూ అనరు. చేదతాడే చేంతాడు, చాంతాడు. జాతీయంలో నిలిచిన రూపాన్ని బోర్డు రాసేవాళ్లు ఎందుకు వదులుకోవాలి?

ఒకసారి ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లాను. పడవలో గెడ వేస్తున్న పెద్దాయన్ను, "సరస్సులో నీళ్లెలా ఉన్నాయి బాబాయ్?" అని అడిగాను. ఆయన గెడ ఆపి, "కొల్లేట్లోనా? లాగేశాయండీ, ఇంకో నెలకి బురదే" అన్నారు. గెడకు అంటిన నల్లమట్టి గుర్తు ఆయన మోకాలి ఎత్తు కూడా లేదు. నేనన్న సరస్సును ఆయన కొల్లేట్లోగా మార్చి నాకు తిరిగి ఇచ్చారు. ఇంట్లో, నోట్లో, కొల్లేట్లో. పెద్దింట్లమ్మ పేరులోనూ ఇల్లు ఇంటిగా మారిందని ఆ పడవలో కూర్చునే గమనించాను. సరస్సు అనే సంస్కృత పదం ఆ లంకల్లో పుస్తకాల్లోనూ బోర్డుల మీదా తప్ప నాకు వినబడలేదు.

అక్కడ వినబడే ఇంకో మాట కాంటూరు. 'ఐదో కాంటూరు' అంటారు అందరూ. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వస్తే ఐదోది అనుకుంటారు పిల్లలు. అది వరుస సంఖ్య కాదు, ఎత్తు. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున గీసిన గీత అది. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఆ గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లనే. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో, చేరినప్పుడు లెక్కలోకి వచ్చింది 901 చదరపు కిలోమీటర్లు, అది పది అడుగుల గీత దాకా. ఎంత పల్చటి పల్లమో చూడండి, ఐదడుగుల ఎత్తు తేడాకు విస్తీర్ణం దాదాపు మూడింతలు. అందుకే 'అతి పెద్ద సరస్సు' అని రాసేటప్పుడు ఏ గీత దాకా అన్నది కూడా చెప్పాలి. 'ఐదు అడుగుల కాంటూరు' అని రాస్తే పిల్లలకు గందరగోళం ఉండదు.

చివరగా మంచినీరు. ఇక్కడ మంచి అంటే బాగున్నది అని కాదు. మంచిగంధం, మంచినూనె, మంచిముత్యం అంటాం. మంచినూనె అంటే చాలాచోట్ల నువ్వుల నూనే. ఈ మాటల్లో మంచి అనేది రకాన్ని చెబుతుంది, యోగ్యతను కాదు. అలాగే ఉప్పునీటికి ఎదురుగా నిలిచే నీటి రకం మంచినీరు. ఉప్పు లేని నీరు అని శాస్త్రం చెప్పదలచుకున్న మాటకు మన భాషలో ఎప్పటి నుంచో ఉన్న పేరు అది. తాగడానికి అనే అర్థం దానికి తర్వాత బలపడింది. కాబట్టి మంచినీటి సరస్సు సరైన ప్రయోగమే. దాన్ని 'తాగునీటి సరస్సు' అని తిప్పి రాయడం మాత్రం తప్పు. చుట్టూ నీళ్లున్న లంకలో టిన్ను నీళ్లు కొనుక్కుని తాగే మనిషి ఆ మాట చదివితే ఎంత బాధపడతాడు! ఎగువ నుంచి వచ్చే మురుగూ చేపల చెరువుల నీళ్లూ కలిసి మంచినీటి సరస్సును ఆ స్థితికి తెచ్చాయి. అది భాష చేసిన తప్పు కాదు.

చెరువు అన్నాను కాబట్టి ఒక్క మాట. వేరే జిల్లాల పిల్లలకు చెరువు అంటే ఊరి సాగునీటి చెరువు. కైకలూరు వైపు పిల్లలకు చెరువు అంటే నాలుగు గట్ల మధ్య చేపలు పెంచేది, చేపలు పట్టే రోజున 'ఈరోజు మా చెరువు పట్టుబడి' అంటారు. విశాఖ వైపు వెళ్తే ఇలాంటి నీటి పల్లానికి 'ఆవ' అనే చక్కటి తెలుగు మాట ఉంది, కొండకర్ల ఆవ ఉన్నది అక్కడే. నీళ్ల మాటలు ఊరూరికీ మారతాయి. మీ క్లాసులో ఏ పిల్లవాడైనా చెరువుకు వేరే అర్థం చెబితే తప్పని కొట్టేయకండి.

ఆ పిల్లవాడి కోసం ఒక చిన్న పని. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఉప్పుటేరు అని బోర్డు మీద రాసి, ఒక్కొక్క దాని పక్కన 'వరద' చేర్చి చదవమనండి. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు 'బుడమేరు వరద' అన్న మాటను టీవీలో వాళ్లందరూ వినే ఉంటారు. మీ పిల్లల్లో ఎంతమంది నోట 'బుడమేటి వరద' అని వస్తుందో, అలా అన్నవాళ్లు ఇంట్లో ఎవరి దగ్గర విన్నారో అడిగి, నాకు ఒక ఉత్తరం రాయండి.