గొంతు సరే, అద్దె సంగతేంటి?

తల్లీ, హైదరాబాద్‌లో సీరియళ్లకు డబ్బింగ్ చెప్పేదాన్ని, టొరంటోలో కూడా టీవీ, కార్టూన్లే చేస్తాను, ఉద్యోగం వద్దు అంటున్నావు. సంతోషం. మరి అద్దె ఎవరు కడతారు?

నేనూ ఇలాగే దిగాను. ఫొటోలకు, డెమోకు (గొంతు నమూనా రికార్డింగు), ట్రైనింగుకు అంటూ ఒక ఏజెన్సీ 1,800 డాలర్లు ముందే వసూలు చేసింది. క్రెడిట్ కార్డు గీకేశాను. ఒక్క ఆడిషన్ వస్తే ఒట్టు! అసలైన ఏజెంటు పని ఇప్పించాకే కమీషన్ తీసుకుంటాడు, ముందుగా చెయ్యి చాపడు. నాకు ఈ ముక్క చెప్పే దిక్కు లేదు, నీకు నేనున్నాను.

నటుల సంఘం యాక్ట్రాలో సభ్యత్వం షరతులు వాళ్ల సైట్లోనే ఉంటాయి, చూసుకో. నీకు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది కనక కెనడియన్ కంటెంట్ లెక్కలో, అంటే కార్యక్రమంలో కెనడావాళ్ల పాలు ఎంతని చూసే లెక్కలో, నువ్వూ కెనడియన్‌వే. నిర్మాతలకు అది కావాలి.

హైదరాబాద్‌లో తెరమీద పెదాలు చూసి డబ్బింగ్ చెప్పావు. ఇక్కడ తీసే కార్టూన్లకు ముందు గొంతు, తర్వాత బొమ్మ. నీ ముందు మైకూ స్క్రిప్టూ తప్ప ఏమీ ఉండవు. మొదటిసారి నాకు నోరు పెగల్లేదు. వాంకూవర్‌లో జపాన్ యానిమేకు ఇంగ్లిష్ చెప్పించే స్టూడియోల్లో నీ పెదాల విద్య అక్కరకొస్తుంది. వేలకు వేలు పోసి రికార్డింగు సామాను మాత్రం కొనకు. బట్టల అల్మారాలో బొంతలు వేలాడగట్టి, మోత వినపడకుండా ఫ్రిజ్ ప్లగ్ పీకి ఆడిషన్లు రికార్డు చేసి పంపేవాణ్ణి. ఓసారి ప్లగ్ పెట్టడం మరిచిపోతే దోసెల పిండి పులిసి పొంగిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మిసిసాగా పిల్ల మైత్రేయి రామకృష్ణన్ 2020లో ఒక్క సిరీస్‌తో స్టార్ అయింది కదా అంటావు. ఆ పాత్రకు పోటీపడ్డ పదిహేను వేలమందిలో ఒక్కతి, తల్లీ! కొచ్చిలో పుట్టి సస్కటూన్‌లో పెరిగిన సుగిత్ వర్గీస్‌ను చూడు. 1980ల్లోనే పిల్లల టీవీకి స్క్రిప్టులు రాశాడు, ఎన్నో ఏళ్లకు ‘కిమ్స్ కన్వీనియన్స్’ అనే టీవీ సిరీస్‌లో మెహతాగా కనిపించాడు. నటనతోపాటు రాత కూడా చేతిలో ఉండాలని నేననేది అందుకే.

ఇక పన్ను. మనది సొంత వ్యాపారం కింద లెక్క, చెక్కులో ఎవరూ పన్ను కోసి ఇవ్వరు. రిటర్నుకు గడువు జూన్ 15, డబ్బు మాత్రం ఏప్రిల్ 30కే కట్టాలి. రెండూ ఒకటే అనుకుని వడ్డీ కట్టాను. వచ్చిన ప్రతి చెక్కులో నాలుగో వంతు వేరే ఖాతాలో వెయ్యి. ఏడాదికి 30,000 డాలర్లు దాటితే హెచ్‌ఎస్‌టీ (ఇక్కడి అమ్మకం పన్ను) రిజిస్ట్రేషన్ కూడా తప్పదు.

ఈలోగా సాయంత్రం షిఫ్టుల ఉద్యోగం ఏదైనా పట్టు. ఆడిషన్లకు పగలే పిలుస్తారు.