డాక్టర్ సలహా: మచ్చ పడకుండా ఛాతీ సర్జరీ కుదురుతుందా?

ప్రశ్న: నా వయసు 27. ట్రాన్స్ మ్యాన్‌ని, అంటే పుట్టినప్పుడు అమ్మాయిగా నమోదైన మగవాణ్ని. మాది కరీంనగర్ దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఛాతీ చదునుగా కనిపించేలా బిగించే బైండర్‌ను ఆరేళ్లుగా వేసుకుంటున్నాను. ఎండాకాలం దాని కింద ఒరుపు, చెమటకాయలు. ఛాతీ పెద్దది, కిందికి జారి ఉంటుంది. చనుమొన చుట్టూ చిన్న కోతతో మచ్చ కనపడకుండా సర్జరీ చేస్తారని వీడియోల్లో చూశాను. నాకూ అలా కుదురుతుందా? స్పర్శ పోతుందా? ఎన్నాళ్లు సెలవు పెట్టాలి? హార్మోన్లు ఇంకా మొదలుపెట్టలేదు.
- పేరు రాయొద్దన్న పాఠకుడు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఆ చిన్న కోత మీకు సరిపడకపోవచ్చు. ఛాతీ చిన్నగా ఉండి, చర్మం బిగువుగా ఉన్నవారికి అది బాగుంటుంది. లోపలి కణజాలం తీశాక పైచర్మం దానంతటదే ముడుచుకోవాలి కదా. జారిన ఛాతీలో, అందులోనూ ఏళ్ల తరబడి బైండర్ బిగించిన చర్మంలో, ఆ శక్తి తక్కువ. మచ్చ పడదని ఆ పద్ధతి ఎంచుకుంటే చర్మం ముడతలుగా వేలాడి, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. పైగా చిన్న కోతలోంచి పని చేసేటప్పుడు రక్తం గూడుకట్టే ప్రమాదం కూడా కాస్త ఎక్కువే.

మీలాంటి వారికి ఎక్కువగా చేసేది డబుల్ ఇన్సిషన్. ఛాతీ కండరం అంచు వెంట రెండువైపులా పొడవైన కోత పెట్టి, కణజాలాన్నీ మిగులు చర్మాన్నీ తీసేస్తారు. చనుమొనను విడదీసి, చిన్నది చేసి, మగవారి ఛాతీలో ఉండే చోట అతికిస్తారు. మచ్చలు కనిపిస్తాయి, దాచను. కానీ ఛాతీ చదునుగా వస్తుంది, చొక్కా సరిగ్గా కూర్చుంటుంది. మనలాంటి ఛాయ ఉన్నవారిలో మచ్చ ఉబ్బి కీలాయిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. పాత గాయాలేవైనా అలా ఉబ్బి ఉంటే సర్జన్‌కు తప్పక చూపించండి.

స్పర్శ సంగతి. అతికించిన చనుమొనకు నరం తెగిపోతుంది కాబట్టి మునుపటి స్పర్శ ఆశించకండి. చుట్టుపక్కల చర్మంలో నెలల తరబడి కొంత తిరిగి రావచ్చు. కట్టు విప్పిన రోజు చనుమొన నల్లగా, ఎండిన పెచ్చులా ఉంటుంది. అద్దంలో చూసి హడలిపోకండి. చాలామందిలో ఆ పైపొర రాలి, కింద గులాబీ రంగు చర్మం వస్తుంది. అక్కడక్కడా తెల్లమచ్చలుగా ఉన్న రంగు నెమ్మదిగా సర్దుకోవచ్చు. కొందరిలో మాత్రం అతికించిన చనుమొన (గ్రాఫ్ట్) కొంతమేర నిలవదు. సిగరెట్ అలవాటుంటే ఆ ముప్పు బాగా పెరుగుతుంది. కనీసం నెల ముందే మానేయాలి.

హార్మోన్ల గురించి టెన్షన్ వద్దు. ట్రాన్స్ వ్యక్తుల వైద్యంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన 8వ మార్గదర్శకాల ప్రకారం ఛాతీ సర్జరీకి ముందు టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తప్పనిసరి కాదు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం మొదటి రోజే చెప్పండి. ఆకారం కోసం కొంత కణజాలం మిగులుస్తారు కాబట్టి ఈ సర్జరీతో క్యాన్సర్ భయం పూర్తిగా పోదు.

తర్వాత బాధపడతానేమో అన్న సందేహం ఉంటే ఇది చూడండి: 2023లో జామా సర్జరీ అనే వైద్య పత్రికలో వచ్చిన మిషిగన్ అధ్యయనంలో, సర్జరీ చేయించుకుని కనీసం రెండేళ్లయిన 139 మంది జవాబిచ్చారు. తమ నిర్ణయంపై వారి సంతృప్తి మధ్యస్థ స్కోరు 5కి 5, పశ్చాత్తాపం 0. అడిగినవారిలో దాదాపు 40 శాతం మంది జవాబివ్వలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కూర్చుని చేసే పని అయితే రెండు వారాల సెలవు చాలు, బరువులెత్తే పనైతే ఆరు వారాలు. లోపల చేరే ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టాలు వారం దాకా ఉండొచ్చు. బండి నడపడం, చేతులు పైకెత్తి అటక మీద సామాను దించడం సర్జన్ సరేననేదాకా వద్దు. మొదటి రెండు రోజులు పక్కన ఒక మనిషి ఉండాలి. ఒకవైపు ఛాతీ ఉన్నట్టుండి ఉబ్బి, గట్టిపడి, నొప్పి పెరిగితే లోపల రక్తం చేరుతున్నట్టే అనుకుని, తెల్లారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.